సంగమేశ్వరం కొన: పాత పడవ దారికి గుర్తు అదేనా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) · ఉదయం 9:12

నమస్తే అందరికీ. ఒక డౌటు చాన్నాళ్లుగా తొలుస్తా ఉంది, ఇక్కడ తెలిసినోళ్లు ఉంటారని అడుగుతున్నా. సప్తనది సంగమేశ్వరం గుడి ఉండే జాగాని ఒకసారి మ్యాపులో శాటిలైట్ వ్యూ పెట్టి చూడండి. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క నల్లమల నుంచి వచ్చే భవనాశి, రెండిటి మధ్య నేల నీళ్లలోకి పొడుచుకొచ్చి ఉంటాది, సరిగ్గా ఆ కొనకాడ గుడి. ఇదే ఒడ్డున సిద్ధేశ్వరం, నదికి అవతల సోమశిల. ఇంత మంచి జాగాలో అంత రాతిగుడి కట్టినారంటే దేవుడి కోసమేనా లేకపోతే నదిలో పోయే పడవోళ్లకి గుర్తు కోసం కూడానా?

ఇంకోటి. మా ఆఫీసులో ఒకాయన "బ్రిటిష్ వాళ్లు కర్నూలు నుంచి సముద్రం దాకా పడవలు నడిపినారు, అన్నీ ఈ గుడి ముందర నుంచే పోయేవి" అని బల్ల గుద్ది చెప్తాడు. నాకైతే నమ్మబుద్ధి కాలే.

కుందూ_గట్టు (నంద్యాల) · ఉదయం 9:40

బ్రో ఆ గుడిని ఎప్పుడో ఊడదీసి ఆలంపూర్‌లో పెట్టినారు కదా, శ్రీశైలం డ్యాం కట్టేటప్పుడు. ఇప్పుడు ఉండేది ఖాళీ జాగానే.

రాతిపలక (కర్నూలు) · ఉదయం 10:05

లేదు సామీ, ఇది అందరూ కలిపేసే విషయం, ముందు దీన్ని విడదీద్దాం. సంగమేశ్వరాలు మూడు ఉండాయి.

కూడవెల్లి సంగమేశ్వరం. ఇది తుంగభద్ర పోయి కృష్ణలో కలిసే చోట, ఆ పక్క జిల్లాలో. దీన్ని ముంపుకి ముందు రాయి రాయికీ నంబరు వేసి విప్పి ఆలంపూర్‌లో మళ్లీ నిలబెట్టినారు. మీరు చెప్పేది ఇదే. రెండోది రూపాల సంగమేశ్వరం, దాన్ని తెచ్చి మన కర్నూలు బయట జగన్నాథ గట్టు మీద కట్టినారు, ఇంజనీరింగ్ కాలేజీకి పోయే పిల్లోళ్లు రోజూ దాని కిందనుంచే పోతారు గానీ సగం మందికి అది ఏ గుడో తెలీదు.

మూడోది ఈ థ్రెడ్డులో అడిగింది, కొత్తపల్లి మండలం సప్తనది సంగమేశ్వరం. దీన్ని ఎక్కడికీ కదిలించలే, ఉన్నది ఉన్నట్టే నీళ్లకి వదిలేసినారు. 1981లో మునిగింది, మళ్లీ 2003లో గానీ బయటికి రాలే. అప్పటి నుంచి రిజర్వాయర్ ఎండాకాలం దిగినప్పుడల్లా తేలడం, వానాకాలం మునగడం. పై గట్టు మీద ఇంకో గుడి కట్టినారు, నీళ్లున్న నెలల్లో పూజలన్నీ అక్కడే.

పడవల సంగతి సాయంత్రం కూర్చుని రాస్తా, పెద్ద కథ అది.

కుందూ_గట్టు · ఉదయం 10:11

మూడా!! మా ఇంట్లో అందరూ ఒకటే అనుకుంటాండాం.

వేపచెట్టు_నీడ (ఆత్మకూరు) · ఉదయం 11:30

గుడిలో ఉండే లింగం గురించి ఎవరూ చెప్పలేదేంది? అది రాతి లింగం కాదు, వేప మొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠ చేయాలని కూర్చుంటే భీముడు కాశీ నుంచి లింగం తెచ్చేదానికి లేటయిందంట, ముహూర్తం దాటిపోతుందని వేప చెక్కతో చేసి పెట్టినారంట. భీముడు తెచ్చింది తర్వాత పక్కన పెట్టినారు, భీమలింగం అంటారు. కథ సంగతి ఎట్లున్నా, ఏటా నెలల తరబడి నీళ్లలో నాని మళ్లీ ఎండకి ఆరతా ఉండే చెక్క ఇన్నేళ్లు ఉండాదంటే చూసినోళ్లకి వింతే.

ఏడు నదులు అనేవి తుంగ, భద్ర, కృష్ణ, వేణి, మలాపహారిణి, భీమరథి, భవనాశి. వీటిలో ఆడికాడ కండ్లకి కనపడి కలిసేది భవనాశి ఒక్కటే, మిగిలినవన్నీ పైనే కలిసిపోయి కృష్ణగా వస్తాయి.

ముచ్చుమర్రి_మిట్ట (నందికొట్కూరు) · మధ్యాహ్నం 1:18

పడవ గుర్తు గురించి నేను చెప్తా, మాది ముంపు ఊరు. మా జేజినాయన పుట్టి ఏసేటోడు. పుట్టి అంటే టౌనోళ్లకి తెలీదేమో, వెదురు దబ్బలతో గుండ్రంగా అల్లి కింద తోలు బిగిస్తారు, ఇప్పుడైతే తోలు లేదు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తాండారు. దానికి ముందు ఎనక లేదు. తెడ్డు ఒక పక్కే ఏస్తే ఆడికాడే గిర్రున తిరుగుతాది, అందుకని ముందరికి వొంగి నీళ్లని తన దిక్కు లాక్కుంటా పోవాల. ఏటికి నీళ్లు బాగా ఉన్నప్పుడు ఈ ఒడ్డు నుంచి నేరుగా ఎదురు ఒడ్డుకి పోదామంటే కుదరదు, నీళ్లు నిన్ను కిందికి ఈడ్చుకపోతాయి. కాబట్టి రేవుకి చానా పైన పుట్టి దించి, ఏరు ఈడ్చే కొద్దీ ఏటవాలుగా కోసుకుంటా పోయి అవతల రేవుకి సరిగ్గా తగలాల.

ఆ లెక్క తప్పకుండా ఉండాలంటే కంటికి ఒక గుర్తు కావాల కదా. గుడి ప్రాకారం ఆ కొన మీద కోటగోడ లెక్క ఉండేదంట, దూరానికే కనపడేదంట. "శిఖరం నీ కుడి బుజానికి వచ్చేలోపల నడి ఏరు దాటాల" అని మా జేజినాయన మా నాయనకి చెప్పినాడు. దాటలేకపోతే భవనాశి వచ్చి కలిసేకాడ నీళ్లు రెండు దిక్కుల నుంచి గుద్దుకుని సుడి తిరుగుతాది, పుట్టి ఆడ చిక్కితే బొంగరమే.

కాబట్టి గుర్తు అంటే గుర్తే. కానీ పడవ దారి అంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి అడ్డంగా దాటే దారి. పొడుగునా కిందికి పోయే దారి కాదు.

హంద్రీ_ఒడ్డు · మధ్యాహ్నం 1:50

అన్నా సూపర్. ఇట్లాంటిది కోసమే అడిగింది. జేజినాయన ఇంకా ఏమన్నా చెప్పింటే రాయి అన్నా.

ముచ్చుమర్రి_మిట్ట · మధ్యాహ్నం 2:25

సరుకు ఏందంటే, జొన్నలు, చెనిక్కాయలు, మేకలు, అవతల ఊరికి పోయే పెండ్లి జనం. సంబంధాలన్నీ అటూ ఇటూ ఉండె. నది రెండు జిల్లాలకి మద్దె గీత అనేది ఆపీసుల్లో, మా ఇండ్లలో అట్ల లేదు. డ్యాం వచ్చినాక రెండు ఒడ్డుల ఊర్లూ పోయినాయి, వంద దాకా ఊర్లు. జనం యాడికోళ్లు ఆడికి చెదిరిపోయి, సగం చుట్టరికాలు అట్లనే తెగిపోయినాయి.

సరదా_సుబ్బడు (ఆదోని) · మధ్యాహ్నం 2:40

ఏటికి అవతల సంబంధం అంటే పెండ్లికొడుకు అలిగి పోవాలన్నా పుట్టి దొరకాల 😂

రాతిపలక · సాయంత్రం 6:55

ఇప్పుడు పెద్ద పడవల కథ. మీ ఆఫీసాయన చెప్పిన దాంట్లో సగం నిజం, సగం గాలి.

బ్రిటిష్ వాళ్ల కాలంలో కర్నూల్లో పడవలు నడిచిన మాట వాస్తవం. కాకపోతే నడిచింది నదిలో కాదు, కేసీ కెనాల్లో, అంటే కర్నూలు-కడప కాలవలో. ఆ కాలవ తవ్విందే సేద్యానికీ రవాణాకీ రెండిటికీ అని. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన అది. 1852కి ధవళేశ్వరం అయిపాయె, 1855కి బెజవాడ ఆనకట్ట అయిపాయె, డెల్టా కాలవల్లో వడ్ల బస్తాలేసుకుని పడవలు తిరుగుతాండాయి, ఆయనకి రైలు కంటే పడవే చవక అనే పట్టుదల ఎక్కువ. అందుకని తుంగభద్ర మీద సుంకేసుల కాడ ఆనకట్ట కట్టి, కాలవ తీసి, దాన్ని పెన్నా లోయలోకి దింపి, అక్కడి నుంచి నెల్లూరు తీరం దాకా తీసుకపోతే మన సీమ సరుకు నేరుగా సముద్రానికి చేరుతుందని ప్లాను. దాని కోసం మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని పెట్టి లండన్‌లో వాటాలు అమ్మినారు, 10 లక్షల పౌండ్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ సర్కారు గ్యారంటీ. లాభం వచ్చినా రాకపోయినా వడ్డీ వస్తుంది కాబట్టి ఖర్చు చూసుకునే నాథుడు లేడు, డబ్బులు నీళ్లలా పోయినాయి.

1863లో మొదలుపెట్టి 1870 ప్రాంతానికి కడప దాకా తెచ్చినారు, 306 కిలోమీటర్లు. అంతే, అక్కడ ఆగిపోయింది, సముద్రం మొహం చూడలే. 1882లో కంపెనీని సర్కారే కొనేసుకుంది.

ఇంక నదిలోనే ఎందుకు నడపలేదు అంటే, ఆ కాలవలో పడవకి ఇంజిన్ లేదు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి గుంజుకుంటా నడవాల్సిందే. గుంజాలంటే నీళ్లెంబడి సాఫీగా గట్టు ఉండాల, నీళ్ల మట్టం ఒకేలాగా ఉండాల. సంగమేశ్వరం దాటినాక కృష్ణ నల్లమలలో దూరుతాది. రెండు పక్కలా కొండ, మధ్యలో బండలు, ఎండాకాలం మడుగు మడుగుగా తెగిపోయే నీళ్లు, వరదొస్తే నిలబడలేని ఉరవడి. ఆ లోయలో తాడు పట్టుకుని నడిచేదానికి గట్టు యాడుంది? కాబట్టి గుడి ముందర నుంచి కంపెనీ పడవలు సముద్రానికి పోవడం అనేది జరగని పని.

కేసీ_చివరిభూమి (కడప) · సాయంత్రం 7:20

రాతిపలక అన్న చెప్పింది కరెక్టు. కడప దిక్కు నుంచి నేను కొంచెం కలుపుతా.

కాలవలో పడవ దిగేదానికి లాకులు ఉంటాయి. సుంకేసుల ఎత్తు ఎక్కువ, కడప పల్లం, ఒకే వాలుగా వదిలితే నీళ్లు పరిగెత్తుతాయి పడవ ఆగదు. అందుకని మెట్లు మెట్లుగా దింపినారు. ఒక్కో మెట్టు కాడ రాతితో పొడుగ్గా తొట్టి కట్టి రెండు చివర్లా రెండు తలుపులు. పడవ తొట్టిలోకి వచ్చినాక పై తలుపు మూస్తారు, కింది తలుపులో ఉండే చిన్న తూము ఎత్తుతారు, నీళ్లు మెల్లగా బయటికి పోయేకొద్దీ పడవ కూడా మెల్లగా దిగుతాది, కింది కాలవ మట్టానికి రాంగానే తలుపు తెరుస్తారు. ఎక్కేదానికి ఇదే తిరగేసి. లాకు కాడ రాతి గోడలకి తాళ్లు ఒరుసుకొని పడిన గాడులు ఉంటాయి చూడండి, వేలు పెడితే దిగిపోతాది, అంత లోతు.

ఇంకో సంగతి. కాలవ మొదట్నుంచి చివరిదాకా తవ్విన కాలవ కాదు. కర్నూల్లో హంద్రీ మీద అక్విడెక్టు (కాలవ నీళ్లని ఏటి మీదుగా దాటించే వంతెన) ఎక్కి దాటుతాది, మిట్టకందాల దగ్గర కృష్ణ పరీవాహకం నుంచి పెన్నా పరీవాహకంలోకి వచ్చేస్తాది, తర్వాత లాకిన్‌సుల కాడ నిప్పులవాగులో పడి, గాలేరు, కుందూ అట్ల వాగులు ఏర్లు పట్టుకుని సంతజూటూరు, రాజోలి ఆనకట్టల మీదుగా వస్తాది. మా వల్లూరు దిక్కు పెన్నా మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట కూడా ఈ సిస్టంలోదే. వాగు వాగులో కలిసినప్పుడల్లా వానాకాలం ఒండ్రు, ఇసుక, కొట్టుకొచ్చిన కంప అంతా వచ్చి పడతాది. అట్లాంటి దాంట్లో టైముకి సరుకు చేర్చేది కష్టమే.

పాత_పట్టాలు (గుంతకల్లు) · సాయంత్రం 7:48

అసలు దెబ్బ మా రైలుది 😎 కాలవ కడప చేరేసరికే మద్రాసు నుంచి కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు పోయే లైను వచ్చేసింది. 1871కి అటు బొంబాయి వైపు నుంచి వచ్చే లైనుతో కలిసిపోయింది కూడా. పడవలో వారాలు పట్టేది రైల్లో రోజుల్లో అయిపోతుంటే ఏ సావుకారి పత్తి బేళ్లు పడవ మీద ఎక్కిస్తాడు? తర్వాత గుంతకల్లు నంద్యాల లైను పడినాక కాలవ ఊర్లకి కూడా స్టేషన్ దగ్గరైపోయె. 1930లు వచ్చేసరికి పడవల ముచ్చట పూర్తిగా సాలించుకున్నారు.

సరదా_సుబ్బడు · రాత్రి 8:02

గుంతకల్లోళ్లు ఏ థ్రెడ్డులోనైనా రైలు ఎక్కిస్తారప్పా

రాతిపలక · రాత్రి 8:30

రైలు ఒకటే కాదు. సేద్యం లెక్క కూడా తప్పింది. కంపెనీ వాళ్లు డెల్టాలో మాదిరి రైతులు ఎగబడి నీళ్లు కొంటారు అనుకున్నారు. మన భూములు నల్లరేగడి, జొన్న, పత్తి, వాన మీద బతికే పంటలు, కాలవ నీళ్లు పెడితే భూమి పాడైపోతుందని రైతులు ముట్టుకోలే. 1876-78 కరువు వచ్చి కర్నూలు జిల్లాలో జనం పిట్టల్లా రాలిపోయినప్పుడు గానీ కాలవ నీళ్లకి గిరాకీ రాలే. ఇప్పుడు అదే కాలవ కింద 2.65 లక్షల ఎకరాలు, కృష్ణా నీళ్లు రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 39.9 టీఎంసీలు చాలక కొట్లాటలు. పడవల కోసం తవ్విన దానికి ఈ గతి పడుతుందని కాటన్ కూడా అనుకోని ఉండడు.

నా అభిప్రాయం అడిగితే కాటన్ మహాశయుడు డెల్టాని చూసిన కండ్లతోనే సీమని చూసినాడు. నీళ్ల మీద ఆయన ప్రేమని ఎవరూ కాదనరు గానీ ఏడాదిలో సగం నెలలు ఎండే తుంగభద్ర మీద పన్నెండు నెలల పడవ రవాణా అనుకోవడం ఏందో.

కేసీ_చివరిభూమి · రాత్రి 8:41

అట్లనకన్నా. ఆయన తీయకపోయింటే ఈ పొద్దు మాకు ఆ కాలవే లేదు.

రాతిపలక · రాత్రి 8:44

అదీ నిజమేలే.

రైన్_కాడ_కడపోడు (ఇప్పుడు జర్మనీ) · రాత్రి 11:58

టైం జోన్ వల్ల లేటుగా చూస్తున్నా. నది మీద పడవ దారి, దాని కొనకి గుర్తు అంటే ఇక్కడ లోరెలై అని ఒక గుట్ట ఉంది, రైన్ నది పక్కన, 132 మీటర్ల నిలువు రాయి. నది అక్కడ సన్నబడి గట్టిగా మలుపు తిరుగుతుంది, కింద బండలు. గుట్ట మీద కూర్చున్న ఒక ఆడమనిషి పాట విని పడవోళ్లు మైమరిచి బండలకి గుద్దుకుంటారని కథ. కథ పక్కన పెడితే, ఇప్పటికీ ఆ మలుపు కాడ ఎదురుగా ఏ షిప్పు వస్తుందో కనపడదు కాబట్టి ఒడ్డున లైట్ల సిగ్నల్ పెట్టినారు, చూసి పోవాల. అట్లుండి కూడా 2011 జనవరిలో 2,400 టన్నుల సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసుకుపోతున్న ట్యాంకర్ షిప్పు ఆ దగ్గర్లోనే తిరగబడి ఇద్దరు పోయినారు.

ముచ్చుమర్రి అన్న చెప్పిన "శిఖరం కుడి బుజానికి వచ్చేలోపల" అనే మాట చదివి అదే అనిపించింది. మన దగ్గర లైట్లు లేవు, ఒక జేజినాయన మాట ఉంది.

వేపచెట్టు_నీడ · మరుసటి రోజు ఉదయం 7:15

గుడి పడవల కోసం కట్టినారా అనే మొదటి ప్రశ్నకి నా మాట కూడా వినండి. నదులు కలిసేచోట గుడి కట్టేది స్నానం కోసం, పితృకార్యాల కోసం. ఆలంపూర్ అయినా కూడవెల్లి అయినా అంతే. పడవోళ్లు దాన్ని గుర్తుగా వాడుకున్నారు, అది వేరే. గుడి ముందు, గుర్తు తర్వాత.

హంద్రీ_ఒడ్డు · ఉదయం 7:52

ఒప్పుకుంటా. అయినా కొన మీదే కట్టడంలో కొంత చూపు కూడా ఉంటాదేమో కదా, రెండు నదుల్లో ఏ దిక్కు నుంచి వచ్చినా కనపడేట్టు.

తుంగభద్ర_పాప (కర్నూలు) · ఉదయం 8:20

కొన అని ఊరికే సంగమేశ్వరం దాకా పోతున్నారు, మన కర్నూలు పాత టౌను కూడా అట్లాంటి కొన మీదే ఉంది కదా! ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ వచ్చి కలుస్తుంది, మధ్యలో పాతబస్తీ, కొండారెడ్డి బురుజు. ఆలంపూర్ గుడులకి రాళ్లు మోసే బండ్లు ఇక్కడే ఏరు దాటేవని చిన్నప్పటి నుంచి వింటున్న కథే. అంటే ఇది కూడా దాటే రేవే. ఆ కొన మీద ఉన్నందుకు 2009 అక్టోబర్‌లో ఏమైందో కర్నూలోళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, రెండు నదులూ ఒకేసారి ఊర్లోకి వచ్చేసినాయి, మా వీధిలో మిద్దె మొదటి అంతస్తు దాకా బురద.

ముచ్చుమర్రి_మిట్ట · ఉదయం 9:05

కరెక్ట్ చెల్లెమ్మా.

ఇప్పటి పడవల గురించి కూడా రాయాల. డ్యాం వచ్చినాక ఏరు చెరువైపాయె. ఉరవడి లేదు కాబట్టి పుట్టి ఏటవాలుగా కోసే పనే లేదు, ఇంజిన్ పడవ నేరుగా పోతాది. కానీ గుర్తు పోయింది, అదీ కష్టం. ఫుల్ ట్యాంకు 885 అడుగులు. గుడి పూర్తిగా తేలేది 840 అటూ ఇటూ అయినప్పుడు. అంటే నిండుగా ఉన్నప్పుడు ఆ కొన మీద 40 అడుగులకి పైగా నీళ్లు. అప్పుడు పడవకి ఏ బాధా లేదు, పైనుంచి పోవచ్చు. ఇబ్బంది ఎప్పుడంటే నీళ్లు దిగేటప్పుడు. శిఖరం నీళ్లకి జానెడు కింద ఉంటాది, పైకి ఏమీ కనపడదు, అలికినట్టు ఉంటాది. తెలీనోడు పోతే అడుగు పగిలిపోతాది. పాత పడవోళ్లు పై గట్టు గుడినీ అవతల సోమశిల గుట్టనీ చూసుకుని మద్దెలో లెక్కేసి తప్పుకుంటారు. వలలు ఏసేటోళ్లకి, చానామంది విశాఖ దిక్కు నుంచి వచ్చి ఈ ఒడ్డునే గుడిసెలు ఏసుకున్నోళ్లే, వాళ్లకి మాత్రం మా కంటే బాగా తెలుసు ఏ గోడ యాడుందో, వల చిక్కిందంటే నష్టం వాళ్లదే కదా.

నీళ్లు ఎక్కేటప్పుడు పూజారి పడవలో పోయి నీళ్ల మీదకి మిగిలిన శిఖరానికే పూజ చేసి వస్తాడు. ఒకసారి నేను ఆ పడవలోనే ఉన్నా. ఇంజిన్ ఆపేసి తెడ్డుతో పోయి, ఒకడు శిఖరాన్ని చేత్తో పట్టుకుని పడవ కొట్టుకపోకుండా నిలబెడితే ఆయన పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ ఆ రాతికే కొట్టినాడు. నీళ్లు అరచెయ్యి మందం పెరిగినా మళ్లీ ఎండాకాలం దాకా దర్శనం లేనట్టే.

కుందూ_గట్టు · ఉదయం 9:20

రోమాలు నిక్కబొడుచుకున్నాయి అన్నా

తుంగభద్ర_పాప · ఉదయం 9:33

పడవలు అంటే నాకు భయమే. 2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్ట మధ్య పడవ మునిగి 60 మంది దాకా పోయింది ఇదే నీళ్లలో. ఇన్నేండ్లయినా పోయినసారి మేం ఎక్కిన పడవలో లైఫ్ జాకెట్లు ఒక మూల గుట్టగా పడేసి ఉన్నాయి, అడిగితే "ఏం కాదులే అమ్మా, ఎండకి ఉక్కపోస్తాది" అన్నాడు పడవాయన. నేనే నాలుగు లాక్కొచ్చి పిల్లలకి కట్టినా.

సరదా_సుబ్బడు · ఉదయం 9:41

జోకులు పక్కన పెడితే, పాప చెప్పింది అందరూ పాటించండి. జాకెట్ లేకుంటే ఎక్కొద్దు. గాలి తిరిగిందంటే ఆ రిజర్వాయర్ మీద అల సముద్రం మాదిరే లేస్తాది.

పాత_పట్టాలు · ఉదయం 10:10

బ్రిడ్జి వస్తే ఈ గొడవ ఉండదు కదా? సోమశిల దగ్గర కృష్ణ మీద తీగల వంతెనకి 2022లో కేంద్రం ఓకే చెప్పింది, 1,082 కోట్లు, కల్వకుర్తి నుంచి మన కరివేన దాకా నేషనల్ హైవేలో భాగం. నంద్యాల నుంచి హైదరాబాద్ దూరం బాగా తగ్గుతాది.

కేసీ_చివరిభూమి · ఉదయం 10:32

బ్రిడ్జి కాదన్నా మాకు కావాల్సింది, దాని కింద అలుగు. సిద్ధేశ్వరం కాడ అలుగు కడితే శ్రీశైలం ఖాళీ చేసినా అలుగు పైన నీళ్లు నిలబడతాయి, సీమకి నీళ్లు తీసుకునే పోతిరెడ్డిపాడు, ముచ్చుమర్రి, మల్యాల అన్నిటికీ అందుతాయి. 2016 మే 31న వేలమంది రైతులు పోయి వాళ్లంతట వాళ్లే శంకుస్థాపన చేసుకున్నారు, పోలీసులు దారులన్నీ మూసినా పొలాల్లో నడుచుకుంటా పోయినారు. బ్రిడ్జికి పిల్లర్లు ఎట్లనూ నదిలోనే వేస్తారు కదా, దాంతోపాటు అలుగు కూడా కట్టేస్తే ఏం పోయింది?

వేపచెట్టు_నీడ · ఉదయం 10:50

అలుగు కడితే గుడి ఇంక ఎప్పటికీ తేలదు అది కూడా ఆలోచించండి. ఇప్పుడు ఎండాకాలంలో ఆ కొద్ది దర్శనమన్నా ఉంది.

కేసీ_చివరిభూమి · ఉదయం 10:58

అక్కా నీ బాధ అర్థమవుతాది. కూడవెల్లి గుడిని తీసుకపోయి ఆలంపూర్‌లో పెట్టినట్టు దీన్ని కూడా పైకి తీసుకురావచ్చు కదా. నీళ్లు లేక పొలం బీడు పెట్టుకున్నోనికి గుడి తేలేది మునిగేది రెండో మాట.

వేపచెట్టు_నీడ · ఉదయం 11:06

రాళ్లని తీసుకురావచ్చు, సంగమాన్ని తీసుకురాలేరు కదా తమ్ముడూ. జగన్నాథ గట్టు మీద గుడి ఉంది, నది యాడుంది చెప్పు.

రాతిపలక · ఉదయం 11:40

ఇద్దరిదీ న్యాయమే. నా వరకు నేను అలుగు వైపే, కాకపోతే గుడిని ముందు సరిగ్గా కొలతలు తీసి, ఫొటోలు తీసి, శాసనాలేమన్నా ఉంటే అచ్చు తీసుకుని, ఆ తర్వాతే. ఇన్నేళ్ల నీటి దెబ్బకి ప్రాకారం చానా వరకు కూలిపోయింది, లోపలి గుడి ఒకటే గట్టిగా నిలబడింది. అలుగు వచ్చినా రాకపోయినా ఆ పని చేయాల్సిందే.

మోడరేటర్ · ఉదయం 11:55

అలుగు చర్చ సాగునీటి విభాగంలో ఇప్పటికే నడుస్తోంది, దయచేసి అక్కడ కొనసాగించండి. ఇక్కడ నది, పడవలు, గుడి వరకే.

హంద్రీ_ఒడ్డు · మధ్యాహ్నం 12:30

అందరికీ చానా థ్యాంక్స్, అడిగిందానికంటే ఎక్కువే దొరికింది. ఆఫీసాయనకి ప్రింటు తీసి టేబుల్ మీద పెడతా. చివరగా రెండు: ఈసారి గుడి తేలినప్పుడు కర్నూలు నుంచి ఎట్ల పోవాల? లాకులు చూడాలంటే ఏవి దగ్గర?

వేపచెట్టు_నీడ · మధ్యాహ్నం 12:48

నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు వచ్చేయ్, అక్కడి నుంచి కపిలేశ్వరం దారి. బస్సులు నమ్ముకోవద్దు, ఆత్మకూర్లో ఆటో మాట్లాడుకో. పేపర్లో రోజూ శ్రీశైలం మట్టం వేస్తారు, 840 కిందికి దిగినాక బయల్దేరు, దిగిన మరుసటి రోజే వద్దు. ఒండ్రు పైకి ఆరినట్టు కనపడతాది, కాలు పెడితే మోకాలు దాకా పోతాది. పై గట్టు నుంచి గుడి దాకా జనం నడిచి నడిచి దారి పడినాక పోతే సుఖం. నీడ లేదు, మంచినీళ్లు నీవే తెచ్చుకో. సుంకేసులలో గేట్లు వదిలే సీజనైతే అసలు రావొద్దు.

కేసీ_చివరిభూమి · మధ్యాహ్నం 1:15

లాకులకి అంత దూరం ఎందుకబ్బా, కర్నూల్లో హంద్రీ అక్విడెక్టు నుంచే కాలవ గట్టు పట్టుకో. మొన్న జపాన్ అప్పుతో ఆధునికీకరణ అని చాలా చోట్ల సిమెంట్ పూసేసినారు, పాత రాతిపని కొన్ని చోట్లే మిగిలింది. కాలవకి నీళ్లు ఆపినప్పుడు పోతేనే తొట్టి అడుగు దాకా కనపడతాది. మా దిక్కు వస్తే చెప్పు, ఆదినిమ్మాయపల్లె దాకా నేను తీసుకపోతా, నీళ్లు మాకు వచ్చేది ఎట్లనూ తక్కువే, ఎప్పుడొచ్చినా అడుగు కనపడతానే ఉంటాది.